ఒక మాట తక్కువ

కిలిందోని రేవులో ఉదయం ఆరున్నర.
పోటు ఇంకా పూర్తిగా రాలేదు.
మోకాళ్లదాకా నీళ్లలో నడిచి పడవెక్కాలి.
ఆరుగురే.
ఎంత డబ్బు చూపినా ఏడో మనిషిని ఎక్కించుకోడు
షొమారి మామ.
బరువు పడవకి కాదే, చేపకి, అంటాడు.

మాస్కులు జాడించి
ఒక్కొక్కరి ముఖానికీ బిగించడం నా పని.
అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్దుకోమంటే
పోలండు పెద్దావిడ సిగ్గుపడి
అటు తిరిగి ఉమ్మింది.
మా దీవి పేరు మాఫియా అనగానే
అందరూ ఒకే నవ్వు నవ్వుతారు.
ఆ నవ్వు అయ్యేదాకా ఆగి చెబుతాను:
తాకొద్దు. దారికి అడ్డం పోవద్దు.
తోకకి నాలుగు బారల దూరం.

మామ మాటని ఇంగ్లీషు చెయ్యడం కూడా నా పనే.

ఈ పడవ చెక్క తాత నాటిది.
వానలకి ముందు, ఏటేటా
దీనికి సొర కాలేయపు నూనె పట్టించేవాడు తాత.
ఎండెక్కితే ఇప్పటికీ
అతుకుల్లోంచి ఆ వాసన లేస్తుంది.
సొరల్ని చూడ్డానికొచ్చినవాళ్లు
ముక్కు మూసుకుని, ఏమిటిది, అంటారు.
పాత పడవ కదా, అంటాను.

దూరంగా పిట్టలు కమ్ముకున్నాయి.
పిట్టలుంటే చిరుచేప,
చిరుచేప ఉన్నచోటికే పొత్వే వస్తుంది,
మా చుక్కల సొర.
మిగతా పడవలు కన్నూ మిన్నూ కానక అటు ఉరికాయి.
మామ అల్లంత దూరానే ఇంజను కట్టేసి
తెడ్డు తీశాడు.
ఇటలీ కుర్రాడు గడియారం చూసుకున్నాడు,
పాడైందా?
లేదు, రోజూ ఇంతే.

అప్పుడు పడవ కింద నేల కదిలినట్టయింది.
నేల కాదు.
లారీ అంత ఒళ్లు,
దాని మీద ఎవరో పిండి జల్లించి
తుడవడం మరిచిపోయినట్టు చుక్కలు.
తలుపంత నోరు తెరుచుకుని వచ్చింది,
తినేది గోరంత రొయ్యపిల్లల్ని.

ఆరుగురూ చప్పుడు చెయ్యకుండా నీళ్లలోకి జారారు.
సముద్రం మీద ఆరు గొట్టాలు,
ఆరు ఊపిర్లు.
నేను పైనుంచి తలలు లెక్కపెడుతూనే ఉన్నాను.
ఆరు. ఐదు.
ఆరు.

పెద్దావిడే ముందు తేలింది,
మాస్కు నుదుటికి తోసుకుని:
వీపు రెక్క సగం లేదు. ఎవరు చేశారు?

మామని మా భాషలో అడిగాను.
ఏటా ఎవరో ఒకరు అడుగుతారు,
ఏటా ఆయన కాసేపు నీళ్లు నమిలి
ఏదో పడవ, అంటాడు.
నేనూ అదే అప్పజెబుతాను.

ఈసారి తెడ్డు ఒళ్లో పెట్టుకుని
తోక మాయమైన వైపే చూస్తూ
పడవ, అన్నాడు.
ఆగి,
నాది.
కొత్త ఇంజను అప్పుడు. పదకొండు మందిని ఎక్కించాను.
పొద్దు వాలుతోంది, తొందర.
చుక్కాని పట్టుకున్న చేతికి తెలిసింది,
పండిన బొప్పాయిలో కత్తి దిగినట్టు.
వెనక్కి తిరిగి చూడలేదే నేను.

ఆవిడ నా నోటి వైపు చూస్తోంది,
గడ్డం మీంచి నీళ్లు కారుతుండగా.
మా భాషలో పడవ ముందొస్తుంది,
ఎవరిదన్నది తర్వాత.
పడవ, అన్నాను ఇంగ్లీషులో.
తర్వాతి మాట మింగేశాను.

మామకి ఇంగ్లీషు మాటలు ఇరవై వచ్చు.
పడవ తెలుసు.
నాది తెలుసు.
ఒకటి విని
రెండోదాని కోసం తెడ్డు మీద చెయ్యి అలాగే ఉంచి
నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

నిచ్చెన దించి ఆవిడకి చెయ్యిచ్చాను.
నీళ్లలో ఇంకా ఐదుగురు.
ఐదు. నాలుగు.
ఎండ కళ్లల్లో కొడుతోంది,
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి.